నోటిదురుసు బొమ్మలతో పెద్దల కామెడీ: పాత్ర నుంచి అప్‌లోడ్ దాకా

బూతులాడే, అబద్ధాలాడే, అప్పులెగ్గొట్టే బొమ్మలతో టీవీ తరహా కామెడీ తీయాలనుకునేవాళ్లు మొదట అడిగేది "బొమ్మ ఎలా కుట్టాలి?" అని. వరసలో అది నాలుగో పని. ముందు పాత్ర, తర్వాత స్క్రిప్ట్, ఆపైన గొంతు, అప్పుడు బొమ్మ. ఈ వరస తప్పితే చూడ్డానికి బాగున్న బొమ్మ చేతిలో ఉంటుంది, దానికి చేయడానికి పని ఉండదు.

ఈ మార్గదర్శి చేతికి తొడుక్కుని నోరాడించే ఫోమ్ బొమ్మలకు సంబంధించినది. పైనుంచి దారాలతో ఆడించేవాటికి, తోలుబొమ్మలకు పద్ధతులు వేరు. ఇద్దరు ముగ్గురు మనుషులు, ఒక ఫోను లేదా మామూలు కెమెరా, ఒక గది ఉంటే చాలనే లెక్కతో రాశాం. లక్ష్యం మూడు నిమిషాల ఎపిసోడ్.

## 1. ముందు పాత్ర

బొమ్మ బూతు మాట్లాడితే మొదటిసారి నవ్వు వస్తుంది, మూడోసారి రాదు. దాని వెనక ఒక బుద్ధి ఉంటే ఇరవయ్యోసారి కూడా వస్తుంది. అందుకే ప్రతి పాత్రకూ ఈ నాలుగు ప్రశ్నలకు కాగితం మీద జవాబు రాసుకోండి.

- దానికి ఏం కావాలి? (డబ్బు, పరువు, మందు, పక్కింటివాళ్ల ముందు గొప్ప)
- అది దొరకడానికి ఏ వెధవ పనికైనా దిగుతుందా? ఎక్కడ ఆగుతుంది?
- ఎవరికి భయపడుతుంది?
- తను చేసేది తప్పని దానికి తెలుసా?

నాలుగో ప్రశ్నే ప్రాణం. తను చెడ్డదాన్నని ఒప్పుకునే బొమ్మ కంటే, తనంత ధర్మాత్ముడు లేడని నమ్మే బొమ్మ నూరు రెట్లు నవ్విస్తుంది.

ఈ వ్యాసమంతా రెండు పాత్రల్ని ఉదాహరణగా తీసుకుందాం. ఒకటి అపార్ట్‌మెంట్ సొసైటీ సెక్రటరీ అయిన మేక, పేరు మోహన్రావు. మెయింటెనెన్స్ డబ్బులు తింటాడు, లెక్కలడిగితే రసీదులు నమిలి మింగేస్తాడు. రెండోది మూడో అంతస్తులో చీటీలు నడిపే పిల్లి, కనకం. ఇద్దరూ దొంగలే. ఎవరి దొంగతనం వాళ్లకు లోకసేవ.

తర్వాత లోకం తాలూకు నియమం తేల్చండి. మనుషులు ఈ బొమ్మల్ని ఎలా చూస్తారు? మూడు దారులున్నాయి: బొమ్మలు మనుషుల మధ్య మామూలు పౌరుల్లా బతకడం, మనుషులు వాటిని తక్కువగా చూడటం, అసలు మనుషులే లేకపోవడం. మొదటి ఎపిసోడ్‌లో ఏది ఎంచుకుంటే చివరిదాకా అదే. మొదటిసారి చేసేవాళ్లకు మొదటి దారే మేలు. మేక సెక్రటరీ కావడం ఎవరికీ వింతగా తోచకపోవడమే సగం హాస్యం.

## 2. స్క్రిప్ట్: మూడు నిమిషాలు, ఒకే గొడవ

తెలుగు తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు చేసే పని గమనించండి. రామాయణమో భారతమో సాగుతుండగా మధ్యలో దూరి, మోటు సరసాలాడి, తిట్టుకుని, తన్నుకుని వెళ్లిపోతారు. గంభీరమైన పని జరుగుతుంటే దాన్ని చెడగొట్టడమే వాళ్ల కొలువు. మన ఎపిసోడ్‌కీ ఇదే చట్రం పనికొస్తుంది. సొసైటీ జనరల్ బాడీ మీటింగ్, సంతాప సభ, పెళ్లిచూపులు, సత్యనారాయణ వ్రతం తర్వాత భోజనాలు... ఇలా పద్ధతి ప్రకారం నడవాల్సిన సందర్భం ఒకటి తీసుకోండి. దాన్ని మీ బొమ్మ పాడు చేస్తుంది.

మూడు నిమిషాల కొలత ఇలా:

- 0 నుంచి 20 సెకన్లు: ఎక్కడున్నాం, ఎవరికి ఏం కావాలి
- 20 నుంచి 90: మొదటి అబద్ధం, దాన్ని కాపాడటానికి రెండోది
- 90 నుంచి 150: అబద్ధాలు ఒకదానికొకటి అడ్డం పడటం
- 150 నుంచి 180: బయటపడటం, సిగ్గుపడకపోవడం

తిట్ల లెక్క. ఒక ఎపిసోడ్‌కు గట్టి బూతు ఒకటి, మించితే రెండు. అవి గొడవ ముదిరే చోటే పడాలి. మిగతా అంతా సాధింపు, వెటకారం, శాపనార్థాలు. "సచ్చినోడా", "నీ మొహం మండ", "నీ జిమ్మడ", "నీ దినం చెయ్య" లాంటివి బొమ్మ నోట చాలా బాగా పండుతాయి. ఎందుకంటే పలికేది ఒక పిల్లి.

కులం పేరుతో తిట్టడం, ఒకరి వృత్తినో వైకల్యాన్నో తిట్టుగా వాడటం పూర్తిగా మానేయండి. మన నోళ్లలో అలవాటైన తిట్లలో చాలావాటి వెనక కులం ఉంది, అలవాటు వల్ల చెవికి తగలదు. రాసినదాన్ని ఇంకొకరి చేత చదివించి మరీ వడకట్టండి. తల్లినీ చెల్లినీ తిట్టేవి కూడా నవ్వు తెప్పించవు, ఉన్న నవ్వును చంపుతాయి.

బొమ్మ చేయలేనివి రాయకండి. గ్లాసులో నీళ్లు తాగడం, చొక్కా గుండీలు పెట్టుకోవడం, తాళం తీయడం, మెట్లు దిగడం పూర్తి నిడివిలో చూపడం: ఒక్కోటి సగం రోజు తినేస్తుంది. బొమ్మకు బాగా వచ్చినవి వేరే ఉన్నాయి: కన్నార్పకుండా చూడటం, ఒక్కసారిగా తల తిప్పడం, కరవడం, నమలడం, తలుపు చాటు నుంచి ఊడిపడటం, గోడకేసి తల బాదుకోవడం, దెబ్బ తిని కనబడకుండా పోవడం. కొట్టుకోవడం మనుషులు చేస్తే చూడలేం, ఫోమ్ బొమ్మలు చేస్తే అది చక్కటి హాస్యం. ఆ వెసులుబాటును బాగా వాడుకోండి.

## 3. గొంతు

రెండు పద్ధతులున్నాయి. ముందే రికార్డు చేసి ఆ ఆడియోకు బొమ్మను ఆడించడం ఒకటి, షూటింగ్‌లో మాట్లాడుతూనే ఆడించడం ఇంకొకటి. 2002లో అమెరికాలో కామెడీ సెంట్రల్ చానెల్‌లో మొదలైన 'క్రాంక్ యాంకర్స్' మొదటి పద్ధతికి మంచి ఉదాహరణ. హాస్యనటులు నిజంగా చేసిన ఆకతాయి ఫోన్ కాల్స్ ముందు రికార్డయ్యాయి, తర్వాత వాటికి బొమ్మలు పెదవులు కలిపాయి.

కొత్తవాళ్లకు మొదటి రెండు ఎపిసోడ్లు రికార్డు పద్ధతే నయం. చేతికి అలవాటయ్యాక మాట్లాడుతూ ఆడించండి. ఎదుటి బొమ్మ మాటకు అప్పటికప్పుడు స్పందించే వీలు అందులోనే ఉంది.

గొంతు ఎంచుకునేటప్పుడు ఒక పరీక్ష పెట్టండి: ఆ గొంతుతో వార్తాపత్రిక ఇరవై నిమిషాలు గట్టిగా చదవాలి. గొంతు గీరుకుపోతే ఆ గొంతు వద్దు. కీచుగొంతు అందరికీ మొదట తోచేది, షూటింగ్ మధ్యాహ్నానికి అదే ముందుగా పోతుంది. మాట తీరు, యాస, మధ్యలో వచ్చే దగ్గు, ఊతపదం ఎక్కువ కాలం నిలుస్తాయి. మోహన్రావుకు ప్రతి వాక్యం ముందు "రూల్ ప్రకారం..." అనడం చాలు.

## 4. సామాన్లు (ఒక బొమ్మకు)

- 12 మి.మీ. మందం ఫోమ్ షీటు, 1 మీటరు × 1 మీటరు. పరుపుల దుకాణాల్లో దొరుకుతుంది. 32 డెన్సిటీ అడగండి. అంతకు తక్కువది నెలల్లో చప్పబడుతుంది
- ఫ్లీస్ గుడ్డ (నూగు ఉండే మెత్తటి గుడ్డ), 1 మీటరు. నాలుగు వైపులకు కాకపోయినా ఒక వైపుకైనా బాగా సాగాలి
- రబ్బరు ఆధారిత కాంటాక్ట్ జిగురు, చిన్న డబ్బా (వడ్రంగులు వాడే ఫెవికాల్ ఎస్ఆర్ 998 లాంటిది)
- నోటి పలకకు 3 మి.మీ. సన్‌బోర్డు (తేలికగా ఉండే గట్టి ఫోమ్ అట్ట) లేదా గట్టి రబ్బరు షీటు, ఏ4 సైజు
- ఫెల్ట్ (ఒత్తి చేసిన మందపాటి గుడ్డ) ముక్కలు: నలుపు లేదా ముదురు మెరూన్, నాలుకకు గులాబీ రంగు
- టేబుల్ టెన్నిస్ బంతి ఒకటి (రెండు కళ్లకూ సరిపోతుంది)
- 3 మి.మీ. ఉక్కు తీగ, 45 సెం.మీ. ముక్కలు రెండు
- బలమైన పాలిస్టర్ దారం, వంపు సూది, కొత్త బ్లేడ్లు, మాస్కు

తెల్ల ఫెవికాల్ ఫోమ్‌కు పనికిరాదు. ఆరాక గట్టిపడి, వంగిన చోట పగులుతుంది. హాట్ గ్లూ కూడా అంతే, అతుకు గడ్డలా తగులుతుంది. కాంటాక్ట్ జిగురు ఆవిరి తలకెక్కుతుంది, మంటంటుకుంటుంది. కిటికీలు తెరిచి, పొయ్యికీ అగరుబత్తికీ దూరంగా పనిచేయండి.

## 5. బొమ్మ తయారీ

నోటి పలక. సన్‌బోర్డు మీద 18 సెం.మీ. వెడల్పు, 9 సెం.మీ. లోతు ఉన్న అర్ధచంద్రాలు రెండు కోయండి. తిన్నని అంచులు ఎదురెదురుగా పెట్టి 2 మి.మీ. సందు వదిలి, రెండువైపులా గుడ్డ టేపు అంటించండి. అదే దవడ కీలు. సందు వదలకపోతే నోరు పూర్తిగా మూసుకోదు. మేకకు మూతి పొడవు కావాలంటే లోతు 12 సెం.మీ. చేయండి. అప్పుడు వంపు పొడవు కొలిచి కింద చెప్పిన ఫోమ్ పట్టీల్ని కూడా అంత మేరకు పెంచాలి.

పలక బయటి వైపు, అంటే చెయ్యి తగిలే వైపు, పైన నాలుగు వేళ్లకూ కింద బొటనవేలికీ ఎలాస్టిక్ పట్టీలు అంటించండి. చెయ్యి దులిపినా బొమ్మ జారకూడదు. ఈ బిగింపు కుదరని బొమ్మకు పెదవులు కలపడం ఎంత సాధన చేసినా రాదు. అందుకని ఇక్కడే అరగంట ఎక్కువ కేటాయించండి.

తల. ముందు పాత పేపరు మీద నమూనా గీయండి.

1. 60 × 22 సెం.మీ. ఫోమ్ పట్టీ కోయండి.
2. కింద 7 సెం.మీ. వదిలేసి, పైన 15 సెం.మీ. ఎత్తులో నాలుగు రేకులు గీయండి. ఒక్కో రేకు అడుగున 15 సెం.మీ. వెడల్పు, పైకి వంపుగా సన్నబడి మొనదేలాలి. పక్కలు తిన్నగా గీస్తే తల గోపురంలా కాకుండా కోసుగా వస్తుంది.
3. బ్లేడును నిటారుగా పట్టుకుని ఒక్క గీతలో కోయండి. రంపంలా ముందుకూ వెనక్కూ లాగితే అంచు చీలుతుంది.
4. అంటించాల్సిన రెండు అంచులకూ జిగురు పలచగా రాసి, వేలికి అంటనంతగా ఆరనివ్వండి. పది నిమిషాలు పడుతుంది, తేమ రోజుల్లో ఇంకా ఎక్కువ.
5. మొన నుంచి కిందికి కొంచెం కొంచెంగా అంచుకు అంచు ఒత్తండి. ఒకసారి అంటితే ఊడదు, కాబట్టి తొందర వద్దు.
6. పట్టీ రెండు చివర్లూ వెనకవైపు కలపండి.
7. ముందువైపు కింది అంచును పై నోటి పలక వంపుకు అంటించండి. వెనకవైపు చెయ్యి దూరడానికి వదిలేయండి.
8. కింది దవడకు 28 × 6 సెం.మీ. పట్టీని కింది పలక వంపు చుట్టూ అంటించి, అడుగున రెండు చిన్న త్రికోణాలు కోసి మూయండి. గడ్డం దోసిలిలా వస్తుంది.

తడి జిగురుతోనే అంటించేయడం అందరూ చేసే తప్పు. అంటినట్టే ఉండి మర్నాటికి విచ్చుకుంటుంది. అలా జరిగితే పాత జిగురు గోకకుండా దాని మీదే కొత్త పూత వేసి, ఆరనిచ్చి, మళ్లీ ఒత్తండి.

చర్మం. అదే కాగితం నమూనాకు చుట్టూ 6 మి.మీ. కుట్టుకోసం కలిపి ఫ్లీస్ కోయండి. గుడ్డ సాగే దిక్కు తల చుట్టూ తిరగాలి. పైనుంచి కిందికి సాగితే చెంపల దగ్గర ముడతలు పడతాయి. బయటికి కనబడే కుట్లు నిచ్చెన కుట్టుతో, ఇవతలి అంచులో ఒకటి అవతలి అంచులో ఒకటి వేసుకుంటూ దారం లాగండి. తర్వాత సూది మొనతో కుట్టు మీది నూగును పైకి లేపితే అతుకు కనబడదు.

నోటి లోపల ఫెల్ట్ అంటించేది చర్మం తొడిగాకే. నోటి లోపలి రంగు ముదురుగా ఉండాలి. తెరిచినప్పుడూ మూసినప్పుడూ తేడా కెమెరాకు తెలిసేది ఆ చీకటి వల్లే.

కళ్లు. ముఖంలో ఇంతకంటే ముఖ్యమైనది లేదు. బంతిని సగానికి కోసి, అంచులు గరుకు కాగితంతో రుద్దండి. కనుపాపలు నల్ల ఫెల్ట్‌తో 10 మి.మీ. గుండ్రాలు. వాటిని నడిమధ్యన అంటించకండి. రెండూ ముక్కువైపు 2–3 మి.మీ. జరగాలి. అప్పుడే బొమ్మ ఎదుటివాణ్ణి చూస్తున్నట్టు ఉంటుంది. నడిమధ్య పెడితే శూన్యంలోకి చూస్తుంది. ముందు కనుపాపల్ని రెండువైపులా అంటుకునే టేపుతో తాత్కాలికంగా అంటించి, కెమెరాలో చూసి, తర్వాతే జిగురు పెట్టండి. అద్దంలో చూసి తేల్చుకోవద్దు.

చెడుబుద్ధి కనబడేది రెప్పల్లో. పై రెప్ప కంటిలో మూడో వంతు కప్పితే బద్ధకం, నిర్లక్ష్యం. లోపలికి వాలితే కపటం. బయటికి వాలితే దొంగ ఏడుపు. మోహన్రావుకు మూడోది, కనకానికి రెండోది. బంతి మీద లైటు తెల్లగా మెరిసి కనుపాపను మింగేస్తే, గరుకు కాగితంతో మెరుపు తీసి మ్యాట్ వార్నిష్ ఒక పూత వేయండి.

ఒళ్లు, చేతులు. ఫ్లీస్ గొట్టం మోచేతి దాకా, అంటే 45 సెం.మీ. దాకా రావాలి. లోపల నడుము ఆకారానికి ఫోమ్ గొట్టం. చేతులకు నాలుగు వేళ్లు చాలు. వేళ్లలో సన్నని రాగి తీగ పెడితే కావలసినట్టు వంచుకోవచ్చు. చేతుల్ని కింది నుంచి ఆడించే ఉక్కు తీగను బొమ్మ మణికట్టు దగ్గర గట్టిగా కుట్టి, నలుపు మ్యాట్ రంగు వేయండి. మెరిసే తీగ ప్రతి షాట్‌లోనూ కనబడుతుంది.

## 6. పెదవులు కలపడం: తెలుగుకు వేరే లెక్క

ఇంగ్లిష్ పాఠాలు చూసి నేర్చుకున్నవాళ్లు ఇక్కడ దెబ్బతింటారు. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. ప్రతి అచ్చుకూ నోరు తెరిస్తే బొమ్మ ఎప్పుడూ నోరు వెళ్లబెట్టుకునే ఉంటుంది. ప్రతి అక్షరానికీ తెరిచి మూస్తే, మన వేగానికి అది గబగబా నమిలినట్టుంటుంది.

పాటించాల్సినవి:

- దీర్ఘాలకూ ఊనిక పడే అక్షరాలకూ తెరవండి. హ్రస్వాలు కొన్నిటిని వదిలేయండి.
- ప, బ, మ దగ్గర నోరు మూయాల్సిందే. ప్ప, బ్బ, మ్మ దగ్గర ఒక్క క్షణం పట్టి ఉంచండి. చూసేవాళ్ల కన్ను పట్టేసేది వీటినే.
- వాక్యం చివర నోరు మూయండి. మూయనిదే ఆ మాట అయిపోయినట్టు అనిపించదు.
- పెద్ద అరుపుకు తప్ప నోరు పూర్తిగా తెరవద్దు. మామూలు మాటకు మూడో వంతు చాలు.

ఉదాహరణకు కనకం అడుగుతుంది: "ఏరా, డబ్బులెప్పుడిస్తావ్?" తెరవాల్సినవి: ఏ, రా, డ, లె, డి, తా. మూయాల్సినవి: బ్బు, ప్పు, చివరి వ్. 'తా' దగ్గర కాస్త ఎక్కువ తెరిచి నిలిపితే నిలదీసినట్టు వస్తుంది. స్క్రిప్ట్ ప్రింటు మీద ప్రతి వాక్యానికీ ఇలా తెరిచేవి గీతతో, మూసేవి చుక్కతో గుర్తు పెట్టుకోండి. మొదటి నెల ఇది తప్పదు.

నోరు తెరిచేటప్పుడు బొటనవేలు కిందికి దిగాలి, పై నాలుగు వేళ్లూ కదలకూడదు. పై వేళ్లు లేస్తే మూతలేచినట్టు బొమ్మ తల వెనక్కి ఎగిరి, కళ్లు సీలింగు చూస్తాయి. దీన్ని సవరించడానికి సాధన: బొమ్మ లేకుండా, పై నాలుగు వేళ్ల మీద పుస్తకం పెట్టుకుని, అది కదలకుండా బొటనవేలితోనే ఒకటి నుంచి వంద దాకా లెక్కపెట్టండి. రోజుకు పది నిమిషాలు, రెండు వారాలు.

## 7. చూపు, నిలకడ, నడక

బొమ్మను ఆడించేవాళ్లు బొమ్మను చూడకూడదు, మానిటర్‌ను చూడాలి. కెమెరా నుంచి కేబుల్‌తో ఒక చిన్న టీవీకి కలిపి నేల మీద పెట్టండి. వైర్‌లెస్ కాస్టింగ్ వద్దు. అర సెకను ఆలస్యమైనా పెదవులు తప్పుతాయి.

మానిటర్‌లో బొమ్మ అద్దంలోలా కాక తిరగబడి కదులుతుంది: మీరు కుడికి జరిపితే తెర మీద ఎడమకు పోతుంది. మొదట్లో చికాకే. కొందరు తెర మీది దృశ్యాన్ని అద్దంలోలా తిప్పి చూపించే సెట్టింగు పెట్టుకుంటారు, కానీ తెర మీద పడే అసలు ఫ్రేముకే అలవాటుపడటం మంచిది. ఇద్దరు కలిసి ఆడించేటప్పుడు గందరగోళం ఉండదు.

మూడు చోట్ల ఎక్కువగా చెడుతుంది:

చూపు పైకి పోవడం. చెయ్యి నిటారుగా ఎత్తితే బొమ్మ ముఖం సహజంగా పైకి చూస్తుంది. మణికట్టును ముందుకు బాగా వంచాలి. నొప్పి పుడితే సరిగ్గా చేస్తున్నట్టే, కానీ వెంటనే విశ్రాంతి తీసుకోండి.

కుంగడం. టేకు (ఆపకుండా ఒకసారి తీసే షాట్) సాగేకొద్దీ చెయ్యి దిగి, బొమ్మ నేలలో కూరుకుపోతున్నట్టుంటుంది. మానిటర్ మీద బొమ్మ కళ్లు ఉండాల్సిన చోట చిన్న టేపు ముక్క అంటించండి. టేకు 40 సెకన్లు దాటనివ్వకండి.

చచ్చిన బొమ్మ. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే మీ బొమ్మ కొయ్యలా నిలబడిపోవడం. వినేటప్పుడు కూడా చిన్న ఊపిరి కదలిక, ఒక తల వాల్పు ఉండాలి. అలాగని ఊరికే ఊగనివ్వకూడదు. ప్రతి కదలికకూ ఒక ఆలోచన కారణం కావాలి.

నడకకు ఒక్కో అడుగుకూ బొమ్మ కొంచెం లేచి దిగాలి. ఆడించే మనిషి నిజంగా నడుస్తూ ఉంటే అది దానంతట అదే వస్తుంది. ఫ్రేములోకి వచ్చేటప్పుడు కింది నుంచి లిఫ్టులో వచ్చినట్టు రానివ్వకండి. పక్క నుంచి గానీ, మెట్లెక్కినట్టు అంచెలంచెలుగా గానీ రావాలి.

బొమ్మ వస్తువులు పట్టుకోవాలంటే తీగ చేతులు చాలవు. అప్పుడు చేతి తొడుగు చేతులు కుట్టి ఇద్దరు ఆడించాలి: కుడిచెయ్యి తలలో ఉన్న మనిషి ఎడమచేతిని బొమ్మ ఎడమచేతిలో పెడతాడు, రెండో మనిషి బొమ్మ కుడిచేతిని చూసుకుంటాడు. రెండో మనిషి తనంతట తాను సైగలు మొదలుపెట్టకుండా తలను అనుసరించాలి.

## 8. సెట్, కెమెరా, లైటు

సెట్‌ను ఎత్తులో కట్టడం ఖరీదు. మొదటి ఎపిసోడ్లకు సోఫా వీపు, బాల్కనీ గోడ, సొసైటీ ఆఫీసు బల్ల, లిఫ్టు తలుపు చాటు సరిపోతాయి. చక్రాలున్న పొట్టి స్టూలు మీద కూర్చుని ఆడించండి. మోకాళ్ల మీద గంట కూర్చుంటే తర్వాతి రెండు రోజులు లేవలేరు. నిలబడి ఆడించే సెట్ కడితే ముందు అంచు ఆడించేవాళ్ల తల ఎత్తుకు రావాలి.

- లెన్స్ ఎత్తు: బొమ్మ కళ్ల ఎత్తు. పైనుంచి తీస్తే మీ తల కనబడుతుంది, కింద నుంచి తీస్తే నోటి లోపలి పలక కనబడుతుంది.
- వైడ్ లెన్స్ వాడకండి. ఫోనులో 2ఎక్స్, కెమెరాలో 50 మి.మీ. దగ్గర మొదలుపెట్టండి.
- సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబ్‌లైట్లు మినుకుమినుకుమనవు.
- అపర్చర్ (లెన్స్ తెరుచుకునే మేర) ఎఫ్ 4 నుంచి 5.6. ఇంకా తెరిస్తే మూతి స్పష్టంగా, కళ్లు మసకగా వస్తాయి.
- లైటు పక్క నుంచి, మెత్తగా. ఎదురుగా రింగ్‌లైటు పెడితే కళ్లలో తెల్ల గుండ్రాలు పడతాయి.

బొమ్మ రంగుకూ వెనక గోడ రంగుకూ తేడా చూసుకోండి. ఫ్లీస్ వెలుతురును పీల్చుకుంటుంది; ముదురు బొమ్మను ముదురు గోడ ముందు పెడితే నోరు తప్ప ఏమీ కనబడదు.

## 9. షూటింగ్ రోజు

మూడు నిమిషాల ఎపిసోడ్‌కు పూర్తి రోజు పెట్టుకోండి. మనుషులతో తీసే సీనుకు పట్టే సమయానికి రెట్టింపుకు తక్కువ కాదు.

ముందు రోజు రాత్రి:

- ప్రతి బొమ్మ నోటి కీలు, కళ్లు, తీగల కుట్లు లాగి చూడండి
- విడి కళ్లు, సూది దారం, జిగురు, నల్ల టేపు ఒక డబ్బాలో
- స్క్రిప్ట్ పేజీలు పెద్ద అక్షరాలతో ప్రింటు. మానిటర్ పక్కన అంటించడానికి
- బొమ్మల బట్టలు, వస్తువులు (నమలడానికి రసీదులు కనీసం ఇరవై)

ఆ రోజు వరస: ముందు ఎక్కువ బొమ్మలున్న వైడ్ షాట్లు, తర్వాత క్లోజప్‌లు, చివర్లో వస్తువులు పాడయ్యే షాట్లు. కొట్టుకునే సీను చివరికే ఉంచండి, బొమ్మ చిరిగితే మిగతా పని ఆగదు. ప్రతి సీనులోనూ వినేటప్పటి ముఖాలు విడిగా అర నిమిషం తీసిపెట్టుకోండి. పెదవులు తప్పిన చోటల్లా ఎడిటింగ్‌లో ఇవే కాపాడతాయి.

మాట్లాడుతూ ఆడిస్తుంటే మైకు మనిషి నోటి దగ్గర ఉండాలి, తలకు పెట్టుకునే హెడ్‌సెట్ మైకు బాగుంటుంది. బొమ్మ దగ్గర పెడితే ఫ్లీస్ రాపిడి వినిపిస్తుంది.

ఎడిటింగ్‌లో ఒక చిట్కా: పెదవులు అటూఇటూ అయితే ఆడియోను ఒకటి రెండు ఫ్రేములు ఆలస్యం చేసి చూడండి. నోరు కాస్త ముందు తెరుచుకుంటే కంటికి సహజంగానే ఉంటుంది, మాట ముందొస్తేనే ఎబ్బెట్టు. ఎదుటి పాత్రలు తెల్లబోయి చూసే చూపులకు కూడా సమయం ఇవ్వండి. మోహన్రావు రసీదు మింగాక రెండు సెకన్ల నిశ్శబ్దం తీసేస్తే జోకు పోతుంది.

## 10. బొమ్మను కాపాడుకోవడం

చెమట వాసన ముందు వస్తుంది. లోపల పలచటి నూలు తొడుగు వేసుకుని ఆడించండి, దాన్ని రోజూ ఉతకొచ్చు. షూటింగ్ అయ్యాక బొమ్మ లోపల ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చిలకరించి, ఫ్యాను కింద ఆరనివ్వండి. ఎండలో పెట్టకండి, ఫోమ్ పసుపెక్కి పొడి రాలుతుంది. స్టాండు మీద నిలబెట్టి గుడ్డ కప్పండి. బ్యాగులో కుక్కితే తల సొట్ట పడుతుంది. వానాకాలంలో సిలికా జెల్ పొట్లాలు పక్కన ఉంచండి.

## 11. అప్‌లోడ్‌కు ముందు

బొమ్మ కనబడితే పిల్లలదనుకుని తల్లిదండ్రులు ఫోను చేతికిచ్చేస్తారు. ఈ పని మొత్తంలో మీ మీద ఉన్న అసలు బాధ్యత ఇదే. దీన్ని చివరి నిమిషానికి వదలకండి.

- యూట్యూబ్‌లో 'పిల్లల కోసం చేసినది కాదు' అని గుర్తించండి. దాంతో సరిపోదు, 18 ఏళ్ల వయసు పరిమితి విడిగా పెట్టాలి. వ్యూస్, ప్రకటనల ఆదాయం తగ్గుతాయి, అయినా పెట్టాలి.
- థంబ్‌నెయిల్‌లో పిల్లల కార్యక్రమంలా రంగురంగుల అక్షరాలు వద్దు. 'పెద్దలకు మాత్రమే' అన్నది తెలుగులో, పెద్దగా.
- మొదటి ఐదు సెకన్లలో తెర మీదా, గొంతుతోనూ హెచ్చరిక.
- ఓటీటీకి ఇస్తే 2021 ఐటీ నియమాల ప్రకారం యు, యు/ఎ 7+, యు/ఎ 13+, యు/ఎ 16+, ఎ అనే తరగతులున్నాయి. బూతు, లైంగిక హాస్యం రెండూ ఉంటే 'ఎ' అనుకునే మొదలుపెట్టండి.

చట్టం బొమ్మ నోట వచ్చిందని మినహాయించదు. ఐటీ చట్టం 67వ సెక్షన్ కింద అశ్లీలమైనది ఆన్‌లైన్‌లో పెడితే మొదటిసారి మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా పడొచ్చు. కులదూషణకు 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. మతభావాలను కావాలని గాయపరిస్తే భారతీయ న్యాయ సంహిత 299, పరువునష్టానికి 356. నిజమైన మనిషి పోలికలతో బొమ్మ చేయాలనుకుంటే న్యాయవాదికి స్క్రిప్ట్ చూపించి మరీ తీయండి. పిల్లల పాత్రగా ఉన్న బొమ్మను లైంగిక హాస్యం దరిదాపులకు కూడా తేవద్దు. ఇందులో ఏ సర్దుబాటూ లేదు.

అన్నీ సరిచూశాక వీడియోను మొదట 'అన్‌లిస్టెడ్'గా (లింకు ఉన్నవాళ్లకే కనబడేలా) పెట్టి, లాగిన్ కాని ఇంకో ఫోనులో లింకు తెరవండి. వయసు పరిమితి పనిచేస్తే వీడియో ఆడకుండా సైన్ ఇన్ కమ్మని అడుగుతుంది. అలా అడిగాకే 'పబ్లిక్' చేయండి.